పర్సంటేజీ కాగితం

దుబాయ్ సోనాపూర్‌లో ఆదివారం మధ్యాహ్నం. క్యాంపు మెస్‌లో ఇద్దరు తెలుగువాళ్లు గొంతు తగ్గించకుండా వాదించుకుంటున్నారు. ఒకాయనది కోనసీమలో రాజోలు. ఒక సబ్‌కాంట్రాక్టు కంపెనీలో పీఆర్వో. వీసాలు, ఇన్సూరెన్సు కార్డులు, పోలీసు కాగితాలు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. రెండో ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. మేస్త్రీగా వచ్చి, డ్రైవర్‌గా మారి, సెలవు రోజున ఆపదలో ఉన్నవాళ్ల వెంట కాన్సులేట్‌కీ లేబర్ ఆఫీసుకీ తిరిగే రకం. గల్ఫ్‌లో ఇలాంటి మనిషి దాదాపు ప్రతి క్యాంపులోనూ ఒకరు తేలతారు. ఆ పని ఆయనకి ఎవరూ అప్పజెప్పరు.

వీళ్లిద్దరూ నా కల్పన. వాళ్ల నోట వచ్చే చట్టాలూ గడువులూ కల్పన కావు. పేర్లు పెట్టడం ఇష్టంలేక ఊళ్ల పేర్లతోనే పిలుస్తున్నాను.

గొడవ ఒక మెట్‌పల్లి కుర్రాడి గురించి. షట్టరింగ్ కార్పెంటర్. చెక్క కోసే మెషిన్‌లో కుడిచేతి రెండు వేళ్లు పడ్డాయి. ఆపరేషన్ చేసి నిలబెట్టారు గానీ వేళ్లు వంగవు, సుత్తి పట్టు దొరకదు. ఐదో నెల నడుస్తోంది. లీవు మీద ఇంటికి వెళ్లిరా, టికెట్టు మేమే తీస్తాం అంటోంది కంపెనీ.

జగిత్యాల: తమ్మీ, పిల్లగాని పేస్లిప్పులు చూసినవా? దెబ్బ తగిలిన మొదటి నెల 900 దిర్హాంలు. రెండో నెల 300. మూడో నెల సంది సున్న. ఆని జీతం 1,200. గీ లెక్క యాడికెళ్లి వచ్చింది?

రాజోలు: అకౌంట్సు వాళ్లు వేసిందండి. నా చేతిలో లేదు.

జగిత్యాల: నీ చేతుల లేకున్నా నాకు సమజైంది. పదిహేను రోజులు పూర్తి జీతం, తర్వాత ముప్పై రోజులు సగం, ఆ తర్వాత నలభై ఐదు రోజులు ఏమీ లేదు. గది సిక్ లీవు లెక్క. మొదటి పదిహేను రోజులకు 600, మిగిలిన పదిహేనుకు 300, కలిపితే 900. రెండో నెల పదిహేను రోజులకు సగం చొప్పున 300, ఇగ ఆ మీద సున్న. జ్వరమొచ్చినోనికి, కడుపునొచ్చినోనికి వేసే లెక్క అది. పని మీద దెబ్బ తగిలినోని లెక్క వేరే ఉన్నది గద.

రాజోలు: ఉందండి. 2021లో వచ్చిన 33వ నంబరు డిక్రీ చట్టం, 37వ ఆర్టికల్. వైద్యం ఖర్చంతా యజమానిది. వైద్యం నడిచినన్నాళ్లు గానీ ఆరు నెలలు గానీ, ఏది తక్కువైతే అన్నాళ్లు పూర్తి జీతం. అప్పటికీ మానకపోతే ఇంకో ఆరు నెలలు సగం జీతం. నాకు నోటికి వచ్చండి, కాదనట్లేదు.

జగిత్యాల: మరి సిక్ లీవుల ఎందుకు ఏసిండ్రు?

రాజోలు: ఆస్పత్రి కాగితంలో వర్క్ ఇంజ్యురీ అని లేదండి. చేతికి గాయం అని మాత్రమే ఉంది. ఫోర్‌మన్ తీసుకెళ్లి మామూలు హెల్త్ ఇన్సూరెన్సు కార్డు గీయించేశాడు. రక్తం కారుతున్నవాణ్ని పక్కన పెట్టి కాగితం సరిచూసుకుంటామా చెప్పండి.

జగిత్యాల: ఆ రోజు సరే. తెల్లారి? ప్రమాదం తెలిసిన 48 గంటలల్ల మినిస్ట్రీకి రిపోర్టు పోవాలె. పోయిందా?

రాజోలు: ఆలస్యంగా వెళ్లిందండి.

జగిత్యాల: ఎంత ఆలస్యంగ?

రాజోలు: అన్నగారూ, మీకో సంగతి చెప్తాను. సైటు గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది, చూసే ఉంటారు. ప్రమాదం లేకుండా ఇన్ని లక్షల పని గంటలు అని. ఒక్క లాస్ట్ టైం ఇంజ్యురీ రాస్తే ఆ అంకె మళ్లీ మొదటికొస్తుంది. మెయిన్ కాంట్రాక్టరు మమ్మల్ని పిలిచి చివాట్లు పెడతాడు, మరుసటి టెండర్లో పక్కన పెడతాడు. సైటు ఇంజనీరు ఆ భయంతో ఆపాడు. అతనూ జీతగాడేగా.

(ఆలస్యం ఎక్కడ పుడుతుందో ఈ బోర్డు దగ్గర తెలుస్తుంది. లేబర్ ఆఫీసులో ఫైలు కదల్లేదనీ, కోర్టు వాయిదా వేసిందనీ అనుకుంటాం. చాలాసార్లు అసలు ఫైలే పుట్టి ఉండదు. ప్రమాదాలు తగ్గాలని పెట్టిన బోర్డు ప్రమాదాల కాగితాలను తగ్గిస్తుంది. కన్నం పడిన చోటికి పీఆర్వోనీ అకౌంటెంటునీ పంపించి మాసిక వేయిస్తారు. రాజోలాయన బతుకుతెరువు ఆ మాసికల మీదే నడుస్తోంది. ఆయనకా సంగతి తెలుసు.)

జగిత్యాల: సరే, జీతం సంగతి పక్కన పెడుదాం. అది కంపెనీ ఇయ్యక తప్పది. నాకు అసలు సంగతి పర్సంటేజీ. పిల్లగాన్ని మెడికల్ కమిటీకి ఎందుకు పంపుతలేరు? చేయి ఎంత పోయిందో అంకె పడితేనే గద పైసలు.

రాజోలు: ఇక్కడ మాత్రం మీరు తొందరపడుతున్నారండి. ఫిజియోథెరపీ ఇంకా నడుస్తోంది. వేలు ఎంతవరకు వంగుతుందో డాక్టరుకే తెలీదు. గాయం ఒక స్థితికి వచ్చి ఇంక ఇంతే అనేదాకా కమిటీ శాశ్వత వైకల్యం అని రాయదు, రాయకూడదు కూడా. మీరు ఇవాళే లాక్కెళ్తే ఏమవుతుంది? ఇంకా మెరుగయ్యే అవకాశం ఉంది, తర్వాత రండి అని పంపేస్తారు. లేదా ఒక అంకె వేసేస్తారు. తర్వాత నరం పట్టేసి మొత్తం చెయ్యే పనికిరాకుండా పోయిందనుకోండి, ఆ అంకెని మళ్లీ తిరగరాయించడం మీ తరమా నా తరమా?

జగిత్యాల: గది నిజమే. నేను కాదంటలేను.

రాజోలు: ఇది మోసం కాదండి, వైద్యం. వైద్యానికి దాని టైం దానికుంటుంది.

(ఇక్కడ నాకు రాజోలాయన మాటే సబబనిపిస్తుంది. ఆలస్యమంతా దుర్మార్గమే అనుకునేవాళ్లు తొందరలో కార్మికుడికే నష్టం చేస్తారు. కానీ జగిత్యాలాయన ఆగలేదు, ఆగకపోవడమే మంచిదయింది.)

జగిత్యాల: వైద్యానికి టైం పడుతది, ఒప్పుకున్న. ఆ టైం అయిపోయేటప్పటికి పిల్లగాడు యాడ ఉంటడు? గది చెప్పు నాకు. 2022ల మంత్రివర్గం ఇచ్చిన 1వ నంబరు తీర్మానంల ఉన్నది, వైకల్యం శాతం తేలిన రోజు సంది పది రోజులల్ల పైసలు కట్టాలె అని. పది రోజులు! మన దేశంల గింత చిన్న గడువు లేదు. చదివినప్పుడు నాకు మస్తు సంతోషమైంది. తర్వాత గుర్తుపట్టిన. శాతం తేలిన రోజు సంది అన్నరు. తేలకుంటే? పదో రోజు రాదు. ఒకటో రోజే రాదు. మీ కంపెనీ ఒక్క రోజు గూడ లేటు చెయ్యనట్టే రికార్డుల ఉంటది. పిల్లగాడు మెట్‌పల్లిల ఇంట్ల కూసుంటడు.

రాజోలు: లీవు మీద పంపిస్తున్నామండి, క్యాన్సిల్ చేసి కాదు.

జగిత్యాల: వీసా ఎన్ని నెలలున్నది ఇంక?

రాజోలు: మూడు.

జగిత్యాల: రెన్యూ చేస్తరా?

రాజోలు: అది ఎండీ గారి నిర్ణయమండి.

జగిత్యాల: అంటే చెయ్యరు. ఆరు నెలలు బయట ఉంటే వీసా దానంతట అదే పోతది. ఊర్ల ఉండి ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తరు? దుబాయ్‌ల కమిటీ ముందల ఎవరు నిలవడతరు? ఎవరికన్న పవర్ ఆఫ్ అటార్నీ ఇయ్యాలంటే ఊర్ల నోటరీ, విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర, మళ్లీ ఇక్కడ అరబ్బీ తర్జుమా. పని చేసుకునేటోని కొడుకు గన్ని ముద్రలు యాడ తెస్తడు? మీరు ఇచ్చే టికెట్టు తోని పిల్లగాడు పోతడు, ఆని వెంట కేసు గూడ పోతది.

రాజోలు: చట్టంలో గడువు పెంచారుగా అన్నగారూ. ముందు హక్కు పుట్టిన రోజు నుంచి ఏడాదే ఉండేది. 2024లో సవరించారు. ఉద్యోగం ముగిసినప్పటి నుంచి రెండేళ్లు. వాడికి బోలెడంత టైం ఉంది.

జగిత్యాల: గడువు కాగితం మీద పెరిగింది. సాక్ష్యం పెరుగుతదా? ఆ రోజు మెషిన్ పక్కన ఉన్నది ఒక బిహారీ, ఒక నేపాలీ. బిహారీ ఎప్పుడో ఇంకో సైటుకు మారిండు. రెండేండ్లకు ఆ సైటుల టవర్ లేచి మనుషులు కాపురముంటరు. మెషిన్‌కు గార్డు ఉన్నదో లేదో అప్పుడు ఎవరు చెప్పాలె?

రాజోలు: గార్డు మాట మీరెత్తారు కాబట్టి చెప్తున్నాను. వాడు గ్లౌజులు వేసుకోలేదండి. సేఫ్టీ వాళ్లు అదే రాశారు. చట్టం ప్రకారం కార్మికుడి తప్పుంటే పరిహారం రాదు.

జగిత్యాల: 38వ ఆర్టికల్ మంచిగ చదువు తమ్మీ. తాగి ఉంటే, కావాలని గాయం చేసుకుంటే, అందరికి కనపడేటట్టు పెట్టిన జాగ్రత్తలను కావాలని మీరితే. కావాలని అన్న మాట మర్చిపోతున్నవు. ఎండల చెమటకు చేతులు జారుతున్నయని గ్లౌజులు తీసినోడు కావాలని వేళ్లు కోసుకున్నట్టా? తిరిగే బ్లేడు కాడ గ్లౌజులు వేసుకుంటే గుడ్డ చుట్టుకోని చెయ్యే లోపలికి పోతదని మేస్త్రీలకు తెల్వదా? నేను చేసిన పనే అది.

రాజోలు: (నవ్వి) మీరు సేఫ్టీ ఆఫీసరుగా రావాల్సింది.

జగిత్యాల: అప్పుడు నన్ను గూడ బోర్డు కాడ నిలవెడుతురు.

రాజోలు: సరేనండి, ఇప్పుడు నా లెక్క వినండి. మీరు ఇంత పోరాడి తెచ్చేది ఎంత? ప్రాణం పోతే ఇచ్చే పరిహారం ఇరవై నాలుగు నెలల బేసిక్ జీతం. తక్కువలో తక్కువ 18,000 దిర్హాంలు, ఎక్కువలో ఎక్కువ 2 లక్షలు. వైకల్యానికి ఆ మొత్తంలో శాతం. మీవాడి జీతం 1,200 గానీ బేసిక్ 700. మిగతాది అలవెన్సు. 700ని ఇరవై నాలుగుతో గుణిస్తే 16,800. కనీసం కన్నా తక్కువ కాబట్టి 18,000కి ఎత్తుతారు. రెండు వేళ్లకి కమిటీ పదిహేను శాతం వేసిందనుకోండి, అంచనాకే చెప్తున్నాను. 2,700 దిర్హాంలు. అంతే.

(2,700 దిర్హాంలంటే మన రూపాయల్లో అరవై వేల పైచిలుకు. కుడిచేతి పట్టు పోయినందుకు. రాజోలాయన ఈ అంకెను వాదంలో గెలవడానికి తెచ్చాడు. అది చట్టం మీదే పెద్ద ఫిర్యాదులా వినిపించిందని ఆయన గమనించినట్టు లేదు. 1980 నాటి పాత లేబర్ చట్టంలో గరిష్ఠం 35,000 దిర్హాంలే ఉండేది. 2021 చట్టం దాన్ని 2 లక్షలు చేసింది. కనీసం మాత్రం అప్పుడూ 18,000, ఇప్పుడూ 18,000. 2 లక్షల గరిష్ఠం తాకాలంటే బేసిక్ జీతం 8,300 దాటాలి. ఇంజనీరుకి చట్టం మారింది. షట్టరింగ్ కార్పెంటర్‌కి నలభై ఏళ్లకు పైగా మారలేదు. జీతాన్ని బేసిక్, అలవెన్సు అని రెండు ముక్కలు చేసి మొదటి ముక్కను చిన్నగా ఉంచడం వల్ల గ్రాట్యుటీలో కంపెనీకి ఎంత మిగులుతుందో అందరూ చెప్పుకుంటారు. ఆ ముక్కతోనే వేలి ఖరీదు కూడా కడతారన్న సంగతి దెబ్బ తగిలినప్పుడే తెలుస్తుంది.)

రాజోలు: ఈ 2,700 కోసం మీరు లేబర్ కంప్లెయింట్ పెట్టిస్తారు. కంపెనీతో చెడుతుంది. రేపు వేరే పని, అదే స్టోర్‌లో సామాను అందించే పని, ఇద్దామనుకున్నా ఇవ్వరు. నేను నెమ్మదిగా ఎండీ గారితో మాట్లాడి ఒక ఐదు వేలు ఇప్పించి, టికెట్టు ఇప్పించి పంపిస్తే వాడికే మేలు కదండీ? చట్టం ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు.

జగిత్యాల: ఆ ఐదు వేలు ఇచ్చేటప్పుడు సంతకం దేని మీద పెట్టించుకుంటరు?

రాజోలు: ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అండి. అది అందరికీ మామూలే.

జగిత్యాల: అరబ్బీ, ఇంగ్లీషు. నాకు రావలసినవన్నీ ముట్టినయి, కంపెనీ మీద నాకు ఏ దావా లేదు అని. గదే గద? ఈ నెల కలిపి ఐదు నెలల జీతం ఆరు వేలు. అండ్ల ముట్టింది 1,200. ఇంక 4,800 మీరు బాకీనే ఉన్నరు. నీ ఐదు వేలల్ల బాకీ జీతం తీసేస్తే మిగిలేది రెండు వందలు. చేతికి నువ్వు కట్టిన ఖరీదు రెండు వందల దిర్హాంలు తమ్మీ.

రాజోలాయన వెంటనే జవాబివ్వలేదు. టీ గ్లాసు పక్కకు జరిపి, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి లెక్క చూసుకున్నాడు. లెక్క సరిగానే ఉంది.

రాజోలు: నేను అలా చూడలేదండి.

జగిత్యాల: నువ్వు మంచోనివే. కంపెనీ పైసల తోని చూసినవు. నేను పిల్లగాని అప్పు తోని చూస్తున్న. ఏజెంటుకు కట్టనీకె లక్షన్నర తెచ్చిండు, నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు మూడు వేల రూపాయలు. చెయ్యి బాగున్నప్పుడు ఓటీ చేసి కడుతుండె. ఆరు నెలలు పూర్తి జీతం అని చట్టం ఇచ్చినా ఓటీ పైసలు రావు గద. గా పూర్తి జీతం గూడ ఇయ్యకుంటే మిత్తి ఎట్ల ఆగుతది? ఇక్కడ ఒక నెల లేటైతే అక్కడ అసలు మీద మూడు వేలు ఎక్కుతది. మీ ఫైలుకు మిత్తి లేదు.

రాజోలు: అదేం మాటండి, మన దగ్గర మాత్రం ఏం వెలగబెట్టారు? 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టంలో నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, ఆపైన సగం దాకా జరిమానా అని రాశారు. మా వైపు రైసుమిల్లులో కూలీకి చెయ్యి నలిగితే ఆ చట్టం ఎవరు తీశారండి? మిల్లు ఓనరు, పెద్దమనుషులు, చేతిలో ఇంత అని పెట్టి పంపేయడమే. ఇక్కడ కనీసం ఫోన్ నంబరుంది.

జగిత్యాల: గా మాట మంచిగన్నవు. అక్కడ మిత్తి ఉన్నది, అడిగేటోడు లేడు. ఇక్కడ అడిగే నంబరున్నది, మిత్తి లేదు. కని రెండు చోట్ల ఒకటే రోగం. దెబ్బ తగిలిందని రాయాల్సినోడు, పైసలు కట్టాల్సినోడు ఒక్కడే. ఆడు ఎందుకు తొందరగ రాస్తడు? జర్మనీల 1884లనే యజమానులందరి కాడ చందా వసూలు చేసి వేరే బీమా సంస్థలు పెట్టిండ్రు. ప్రమాదం రాస్తే ఆ ఒక్క కంపెనీ జేబుకు చిల్లు పడది. మన దగ్గర ఈఎస్ఐ గూడ గసొంటిదే గద, ఫ్యాక్టరీల చెయ్యి పోతే సేటు కాడికి పోవుడు ఉండది.

రాజోలు: మాకూ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ ఉందండి. ఇన్సూరెన్సు కంపెనీయే కడుతుంది. కానీ వాళ్లు పోలీసు రిపోర్టు, ఆస్పత్రి రిపోర్టు, మినిస్ట్రీ రిపోర్టు, ఫైనల్ మెడికల్ అన్నీ ఒకే తేదీ మీద ఉండాలంటారు. ఒక్కటి తేడా వచ్చినా క్లెయిము వెనక్కొస్తుంది. ఇప్పుడు మా దగ్గర ఆస్పత్రి కాగితానిది ఒక తేదీ, మినిస్ట్రీ రిపోర్టుది ఇంకో తేదీ. ఇన్సూరెన్సు వాడు కట్టకపోతే ఎండీ గారి జేబులోంచి. అందుకే ఆయన నాన్చుతున్నారు. ఇప్పటికి అసలు మాట చెప్పేశాను.

(ఈ మాటే మొదట చెప్పి ఉంటే సగం వాదం తప్పేది. మొదటి రెండు రోజుల్లో దాచిన నిజం ఐదో నెలలో కంపెనీకే అడ్డుపడింది. బోర్డు మీద అంకె కాపాడుకున్నవాళ్లు పాలసీని చెడగొట్టుకున్నారు.)

జగిత్యాల: అట్లయితే సర్దుకునేది పిల్లగాడెందుకు? ఇన్సూరెన్సోడు కట్టినా కట్టకున్నా చట్టంల బాధ్యత యజమానిది. నాకు 2,700 పెద్దది కాదు, ఒప్పుకుంటున్న. పర్సంటేజీ కాగితం కావాలె. గార్డు లేని మెషిన్ మీద పని చేయించిండ్రని పోలీసు కేసు అయి, కోర్టు నిర్లక్ష్యం అని తేలిస్తే, సివిల్ కోర్టుల వేరే నష్టపరిహారం అడగొచ్చు. అక్కడ బేసిక్ లెక్క లేదు. ఇరవై ఆరేండ్ల పిల్లగాడు ఇగ సుత్తి పట్టడు అన్న లెక్క నడుస్తది. గా కోర్టు తలుపు తెరవాలన్నా మొదలు అడిగేది గా కాగితమే. ఊర్ల మళ్లీ ఒక పింఛన్ అడగాలన్నా, సదరం కాడ నిలబడాలన్నా, ఏమైందిరా చేతికి అంటే చూపించనీకె కాగితం ఉండాలె.

రాజోలు: ఇండియా బీమా ఉంటుందిగా, ప్రవాసీ భారతీయ బీమా. పది లక్షలు.

జగిత్యాల: ప్రమాదంల చచ్చిపోతే, లేకుంటే శాశ్వతంగ పనికిరాకుండ పోతే. రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియం, మూడేండ్లకు 375. చాయ్ పైసలు. కని అది ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోని వచ్చినోళ్లకు. పిల్లగాన్ని ఏజెంటు విజిట్ వీసా మీద పంపిండు, ఇక్కడికి వచ్చినంక స్టేటస్ మార్చిండ్రు. క్లియరెన్సు లేదు, పాలసీ లేదు. తెలంగాణ సర్కారు గల్ఫ్‌ల చచ్చిపోయినోని ఇంటికి ఐదు లక్షలు ఇస్తున్నది. మంచిదే. చెయ్యి పోయినోనికి ఏ ఖాతా లేదు. సగం బతికినోడు ఏ లెక్కలకు రాడు.

రాజోలు: మా కోనసీమ నుంచి వచ్చే ఆడవాళ్లదీ ఇదే కథండి. విజిట్ వీసా, ఇళ్లల్లో పని. జారి పడినా, కాలినా ఎవరూ రాయరు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పక్క బల్ల మీద ఎవరో చపాతీలు పెట్టిన డబ్బా మూత తీశారు. రాజోలాయన మళ్లీ తన వైపు వాదన అందుకున్నాడు. గెలవాలని కాదు, సోమవారం ఉదయం ఆఫీసుకి వెళ్లాల్సింది తనే కాబట్టి.

రాజోలు: సరే, కంప్లెయింట్ పెట్టారనుకోండి. ఏం జరుగుద్దో చెప్పండి. పద్నాలుగు రోజులు మినిస్ట్రీ ఇద్దరినీ కూర్చోబెడుతుంది. మా వాళ్లు ఒక డేట్ అడుగుతారు, మళ్లీ ఒక డేట్ అడుగుతారు.

జగిత్యాల: 2024 సంది యాభై వేల లోపు తగాదాను మినిస్ట్రీనే తేల్చి ఉత్తర్వు ఇస్తది. అది కోర్టు తీర్పు లెక్కనే అమలైతది. మీకు నచ్చకుంటే పదిహేను పని రోజులల్ల కోర్టుకు పోవాల్సింది మీరే. పిల్లగాని జీతం బాకీ యాభై వేలల్ల ఎంత? మూల కూడ కాదు. లక్ష లోపు దావాకు కోర్టు ఫీజు గూడ లేదు.

రాజోలు: వాణ్ని తీసేస్తే?

జగిత్యాల: న్యాయమైన ఫిర్యాదు పెట్టిండని తీసేస్తే మూడు నెలల జీతం దాకా అదనంగ కట్టాలె. 47వ ఆర్టికల్. అది గూడ నీకు నోటికి వచ్చే ఉంటది.

రాజోలు: వచ్చండి. కానీ ఆ మూడు నెలల జీతం కోసం వాడు ఇంకో కేసు నడపాలి. ఆ రోజుల్లో తిండి, క్యాంపులో మంచం, ఫోన్ రీచార్జి ఎవరిస్తారు? మీలాంటి వాళ్లు నాలుగు రోజులు పెడతారు, కాన్సులేట్ వాళ్లు కొన్నాళ్లు చూస్తారు. కేసు గెలిచే లోపల మనిషి విసిగిపోయి నాకే ఫోన్ చేసి టికెట్టు అడుగుతాడు. ఆ ఫోన్లు ఎత్తేది నేనండి. మీకు కనపడేది కేసు పెట్టినవాడు. నాకు కనపడేది కేసు మధ్యలో వదిలేసినవాడు. అందుకే వద్దంటాను.

జగిత్యాల: (కొంచెం ఆగి) గది నేను కాదనలేను. ఇద్దరు ముగ్గురు నా చేతుల మీదికెళ్లే అట్ల పోయిండ్రు.

(సంవాదంలో ఒకరు నెగ్గి ఒకరు తల వంచడం నాటకాల్లో బాగుంటుంది. ఇక్కడ ఇద్దరి అనుభవమూ నిజమే. ఒకరిది చట్టం ఎంత దూరం తీసుకెళ్తుందో చూసిన అనుభవం. రెండోది మనిషి ఎంత దూరం నడవగలడో చూసినది.)

రాజోలు: అయితే ఏం చేద్దామంటారు? ఎండీ గారికి నేను ఒక మాట చెప్పగలను, రెండు చెప్పలేను.

జగిత్యాల: ఒక్కటే చెప్పు. టికెట్టు ఇప్పుడు తియ్యకుండ్రి. జీతం బాకీ కట్టుండ్రి, సిక్ లీవు ఎంట్రీ తీసి వర్క్ ఇంజ్యురీ అని మార్చుండ్రి. ఫిజియోథెరపీ డాక్టర్ ఇక చాలు అన్న రోజు పిల్లగాన్ని కమిటీకి పంపుతం అని ఒక ఈమెయిల్. పిల్లగానికి గూడ కాపీ పోవాలె. అంకె పడ్డంక ఇంటికి పోతనంటే నేనే ఎయిర్‌పోర్టుల దించి వస్త.

రాజోలు: మీరు ఒకటి అని మూడు చెప్పారు.

జగిత్యాల: ఈమెయిల్ ఒక్కటే గద. అండ్ల మూడు వాక్యాలు.

రాజోలు: ఎంట్రీ మారిస్తే మినిస్ట్రీకి ఆలస్యంగా రిపోర్టు చేశామని మేమే ఒప్పుకున్నట్టు అవుద్ది. ఎండీ గారు సంతకం పెట్టరు. జీతం ఇస్తారు, ఎంట్రీ మార్చరు.

జగిత్యాల: ఎంట్రీ మారకుంటే రేపు కమిటీ కాగితం మీద పని మీద తగిలిన దెబ్బ అని ఎట్ల పడుతది? జీతం తోని నోరు మూసినట్టే గద.

రాజోలు: ఫిజియోథెరపీ ఇంకో నెల ఉందండి. ఈలోపు నేను ఆస్పత్రి నుంచి మొదటి రోజు కేస్ షీటు తీయిస్తాను. ఎమర్జెన్సీలో నర్సు రాసుకున్న దాంట్లో మెషిన్, సైటు అని ఉండి ఉంటుంది. వాళ్లు అడిగి రాస్తారు. అది దొరికితే మా ఒప్పుకోలుతో పని లేదు. పేషెంటు అడిగితే ఇవ్వాలి. నేను అడిగితే ఎందుకంటారు, వాడితోనే అడిగించండి.

జగిత్యాల: ఈ మాట మొదలే చెప్పకపోతివి!

రాజోలు: మొదట్లో మీరు నన్ను తిడుతున్నారు కదండీ.

జగిత్యాల: నెల తర్వాత ఎండీ కాదంటే?

రాజోలు: అప్పుడు మినిస్ట్రీ నంబరు 80084కి ఫోన్ చేయించండి. నేను చెప్పానని మాత్రం అనకండి.

జగిత్యాల: హిందీల మాట్లాడుతరా? పిల్లగానికి ఇంగ్లీషు రాదు.

రాజోలు: మాట్లాడతారండి. బతాకా, అదే లేబర్ కార్డు, నంబరు ముందే చేతిలో పెట్టుకోమనండి, మొదట అదే అడుగుతారు. ఆ తర్వాత ప్రమాదం తేదీ. అసలు తేదీయే చెప్పమనండి, మేం రాసింది కాదు.